బరువైన క్యాంపు కత్తిని విసరొచ్చా?

లక్నవరం క్యాంపుకని కొన్న బరువైన కత్తిని చెట్టుకేసి విసరడం నేర్చుకోవచ్చా అని అడిగారు. వద్దండి. బరువుతో ఇబ్బంది లేదు, విసిరే కత్తికీ కాస్త బరువుండాలి. తేడా అంతా ఉక్కులోనే. కట్టెలు చీల్చే కత్తికి పదును నిలవాలని ఉక్కును సాధారణంగా 55–60 రాక్‌వెల్ (లోహం గట్టిదనాన్ని చెప్పే కొలత) దాకా గట్టిపరుస్తారు. అది అడ్డంగా తగిలితే మొన విరగొచ్చు, పిడి చెక్కలు రివెట్ల దగ్గర వదులవుతాయి. కొత్తవాళ్ల చేతిలో మొదట్లో ఎక్కువసార్లు తగిలేది అడ్డంగానే! విసిరే కత్తుల ఉక్కు మెత్తన, సుమారు 50. వంగుతుంది గానీ అంత తేలిగ్గా విరగదు. మొనే వాడి, అంచు మొద్దు, కాబట్టి ఎగిరొచ్చినా గాయం తక్కువ.

విసిరే కత్తితో నేర్చుకున్నా పచ్చని చెట్టును గాయపరచకండి, గురికి మెత్తకర్ర దుంగను అడ్డంగా కోసిన ముఖం చాలు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోకైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లకూడదు.