సూదులు లేని కోనిఫర్

మన దేశపు అడవుల్లో సహజంగా పెరిగే కోనిఫర్లలో (పూలు పూయకుండా, ఎక్కువగా శంఖువుల్లో గింజలు పట్టే పైన్ లాంటి చెట్లు) మీకు గుర్తుండిపోయింది ఏది, దాన్ని పోల్చుకోవడం ఎలా నేర్చుకున్నారు అని అడిగారు. చాలామంది దేవదారు అంటారు. నేను మాత్రం నాగియా వాలిచియానా అనే చెట్టు అంటాను. పాత పుస్తకాల్లో దీన్ని పొడోకార్పస్ అనే ప్రజాతిలో చేర్చి రాసేవారు. దక్షిణ భారతంలో తనంతట తాను పెరిగే కోనిఫర్ ఇదొక్కటే. కొడైకెనాల్‌లో అందరూ ఫొటోలు దిగే పైన్ చెట్లు మనుషులు నాటినవి.

మొదటిసారి ఇది కనిపించింది కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమలై అడవుల్లో. చూశాననడం కన్నా చూసి వదిలేశాననాలి. వెడల్పాటి, నిగనిగలాడే, దళసరి ఆకులు, ఎదురెదురుగా జంటలు. నేరేడు జాతిదేదో అనుకుని నోటుబుక్కులో అలాగే రాసేసుకున్నాను. మా వెంట వచ్చిన ఫారెస్ట్ వాచర్ కింద పడిన రెమ్మ ఒకటి తీసి చేతికిచ్చి, ఆకు మధ్యలో ఈనె ఎక్కడుందో చూపించమన్నాడు.

వెతికాను. లేదు! నేరేడాకు వెనక్కి తిప్పితే నడిమి ఈనె వేలికి తాడులా తగులుతుంది కదా, ఇక్కడ ఏమీ తగల్లేదు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే తొడిమ దగ్గర్నుంచి కొన దాకా సన్నటి గీతలు పక్కపక్కనే సాగిపోతున్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. కోనిఫర్ అంటే సూదులుండాలి, శంఖువులుండాలి అని బళ్లో బట్టీ పట్టిన బుర్ర మరి.

దీనికి పైన్ చెట్టుకుండే శంఖువు లాంటిది ఉండదు. కండపట్టిన కాడ చివర గోళీ లాంటి ఒక్క గింజ కూర్చుని ఉంటుంది. చూడ్డానికి అచ్చం పండే, కానీ పువ్వే లేనప్పుడు పండెక్కడిది? పొడోకార్పస్ అంటే గ్రీకులో ‘పాదమున్న కాయ’. ఆ కాడని చూశాక పేరు మళ్లీ మర్చిపోలేదు. ఆడ, మగ చెట్లు వేరు, కాబట్టి ప్రతి చెట్టు కిందా గింజలు దొరకవు. ఆకులే దిక్కు.

సరుగుడుది సరిగ్గా దీనికి తలకిందుల కథ. చూస్తే కోనిఫరే అనిపిస్తుంది, తీరా అది పూలు పూసే చెట్టు. దాని ‘సూది’ని కణుపు దగ్గర లాగితే ఊడి వస్తుంది; కణుపు చుట్టూ ఉన్న చిన్న పళ్లే అసలు ఆకులు.

మీరు వెళితే ఏదీ తుంచకండి. రాలిన రెమ్మ చాలు. ఒంటి ఆకు దొరికితే మాత్రం తొందరపడొద్దు, జంటగా ఉన్నాయో లేదో అందులో తెలియదు.