అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో మొదటిసారి డీప్ సీ ఫిషింగ్‌కి వెళ్తున్నాం. లైసెన్స్ కావాలా? ఇంకేం తెలిసుండాలి?

లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు. లైసెన్సున్న చార్టర్ బోటు (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చేది) ఎక్కితే మీరు విడిగా తీసుకోనక్కర్లేదు. అసలు ఇబ్బంది కడుపులో తిప్పడం. మాత్ర ఒడ్డున ఉండగానే, కనీసం గంట ముందు వేసుకోండి. వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

చేపలెక్కడ ఉంటాయంటారా? పచ్చటి నీళ్లు దాటి గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహపు ముదురు నీలంలోకి వెళ్లాక, సర్గాసమ్ నాచు బారులు తీరి తేలుతుంటుంది. చిన్న చేపలు, రొయ్యలు దాని నీడన చేరతాయి. వాటి కోసం మహీ-మహీ అనే పెద్ద చేప వస్తుంది. గాలానికి పడి పైకొచ్చేటప్పుడు బంగారు, ఆకుపచ్చ రంగుల్లో ధగధగలాడుతుంది. డెక్ మీదకొచ్చిన కాసేపటికే ఆ మెరుపంతా పోయి బూడిదరంగుకి తిరుగుతుంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎర కట్టి, చేప కోసిచ్చే సహాయకుడికి బోటు అద్దెలో 15–20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.