‘సార్, వివరాలు చెప్పండి, అర్జెంటు!’

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు ఎం.ఎ. చరిత్రలో ప్రాజెక్టు రాస్తున్నాను. పరిశోధకులు, అధ్యాపకులు ఉండే ఒక వాట్సాప్ గ్రూపులో ‘గిడుగు రామమూర్తి గారి గురించి వివరాలు చెప్పండి సార్, అర్జెంటు’ అని పెట్టాను. నాలుగు రోజులైనా ఎవరూ పలకలేదు, ఒకాయన మాత్రం ‘ముందు చదువుకుని రండి’ అన్నారు. నా తెలుగు చూసి చులకన చేశారా? మళ్లీ అడగాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తెలుగుకేం అమ్మా, శుభ్రంగా ఉంది. అసలు జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోట్లాడిన మనిషి గురించి అడుగుతూ భాషకు సిగ్గుపడటమేమిటి! చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. మీ ఊరి బస్టాండులో నిలబడి ‘బస్సు ఎప్పుడండీ’ అంటే ఎవరు చెబుతారు? పాతపట్నానికా, గుణుపురానికా, బరంపురానికా? గిడుగు వారి సంగతీ అంతే, వ్యావహారిక భాషోద్యమం ఒక దారి, సవర అనే గిరిజన భాష మీద చేసిన పని ఇంకో దారి, 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోవడం మరో దారి. మీకేది కావాలో తెలియక చదివినవాళ్లు ఫోను పక్కన పెట్టేసి ఉంటారు.

ఇలా అడిగి చూడండి: ‘1931లో వచ్చిన ఆయన సవర వ్యాకరణం, 1938 నాటి నిఘంటువు చూశాను. సవర పాఠాలు మొదట తెలుగు లిపిలో రాశారని చదివాను. అవి మా చుట్టుపక్కల ఏ బడుల్లో చెప్పారో తెలిపే ఆధారం ఎక్కడ దొరుకుతుంది?’ మీరు ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగారో దీంతో తెలుస్తుంది, ఇక తెలిసినవాళ్లకు నోరు ఊరుకోదు. చూడని పుస్తకం చూశానని మాత్రం రాయకండి, రెండో మాటకే దొరికిపోతారు.

ఆ ‘అర్జెంటు’ తీసేయండి, గడువు మీది గాని వాళ్లది కాదు. ‘హాయ్ సార్, ఒక డౌట్’ అని పెట్టి కూర్చోవడం, నంబరు కనిపించింది కదా అని రాత్రి పదకొండింటికి విడిగా మెసేజ్ చేయడం కూడా వద్దు. ఒకే ప్రశ్న రెండు గ్రూపుల్లో అడగక తప్పకపోతే ఆ మాట రెండు చోట్లా రాయండి, ఒకచోట జవాబు వచ్చేసిందని తెలియక ఇంకోచోట ఎవరో గంటసేపు పుస్తకాలు తిరగేస్తారు పాపం. వారం చూసి ఎవరూ పలకకపోతే, ఈలోగా కొత్తగా దొరికింది చేర్చి ఇంకోసారి అడగొచ్చు.

‘చదువుకుని రండి’ అన్నాయన మాట కటువే, ఒప్పుకుంటాను. ఎదురు రాయకండి. ప్రశ్న మార్చి పెట్టినప్పుడు మొదట పలికేది ఆయనే కావచ్చు.