ఎండలో తిరిగే చామనఛాయ ముఖం, మొటిమల మచ్చలు, నెలకు ఐదారు వందలు

తమ్మీ, హన్మకొండలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నానన్నావు. మొటిమలు తగ్గినా బుగ్గల మీద నల్ల మచ్చలు, అక్కడక్కడా గుంటలు మిగిలాయన్నావు. నెలకు ఐదారు వందలకు మించి పెట్టలేనన్నావు. రూమ్మేట్ ఏమో "వారంలో ముఖం తేటగా అవుతుంది" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు, అమ్మ ఏమో ఫోన్‌లో నిమ్మరసం రాయమంది. నేను కరెంటు మీటర్ రీడింగ్ తీసే పనిలో ఉన్నా. కాజీపేట, హన్మకొండ గల్లీల్లో ఎండపూట ఇంటింటికీ తిరుగుతా. రంగులో నీకేం తీసిపోను, మచ్చల్లోనూ తీసిపోలేదు. ఏసీ గదిలో కూర్చునేవాళ్ల సలహాలు మనకు సగమే పనికొస్తాయి కాబట్టి నాకు కుదిరినవి చెబుతా.

ముందు ఆ ట్యూబు సంగతి. దాన్ని వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదువు. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడ్. వాటిలో కొన్నింట్లో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొట్టు లేపే ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటాయి. వారం పది రోజుల్లో ముఖం తేటగా అవుతుందన్న మాట నిజమే, మనుషులు చిక్కుకునేది అక్కడే. మా బాబాయి కొడుకు పెళ్లికి ముందు ఇలాంటిదే వాడాడు. ఫొటోల్లో బాగానే పడ్డాడు. పెళ్లయ్యాక మానేస్తే బుగ్గలు ఎర్రబడి, చెంపల నిండా సన్న పొక్కులు లేచాయి. ఎండలో నిలబడితే మంట. మళ్లీ పూస్తే తగ్గేది, మానితే తిరగబెట్టేది. అందులోంచి బయటపడటానికి స్కిన్ డాక్టర్ చుట్టూ నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. చర్మం పలచబడటం, సన్న రక్తనాళాలు పైకి కనిపించడం కూడా వీటివల్లే జరుగుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా కౌంటర్ దగ్గర "మచ్చలకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతిలో పడేది చాలాసార్లు ఇదే. నువ్వు ఇంకా మొదలుపెట్టకపోతే తిరిగి ఇచ్చెయ్. ఇప్పటికే నెలల నుంచి పూస్తూ ఉంటే మాత్రం ఒక్కసారిగా మానకుండా డాక్టర్‌కు చూపించు.

కంపెనీ పేరు, తయారీ వివరాలు సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి అసలే పోవద్దు. కొన్నింట్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటివి వాడినవాళ్లకు కిడ్నీ జబ్బులు వచ్చిన కేసులు బయటపడ్డాయి. మచ్చ కోసం కిడ్నీ పోగొట్టుకుంటామా?

ఇప్పుడు అసలు విషయం. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుకైనవి. ఎక్కడ వాపు వచ్చినా, మంట పుట్టినా, గీసుకుపోయినా అక్కడ మెలనిన్ అనే ఆ రంగు ఎక్కువగా పోగవుతుంది. మొటిమ పోయాక మిగిలే నల్ల మచ్చ అదే. కాబట్టి ముఖానికి ఏది రాసినా నేను ఒకటే చూస్తా: మండుతోందా, లేదా? మండిందంటే అది మచ్చ తగ్గించే మందైనా సరే, కొత్త మచ్చకు దారి వేస్తున్నట్టే.

నిమ్మరసం వద్దనేది ఇందుకే. అది పులుపు, చర్మాన్ని మండిస్తుంది. పైగా నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి ఇంకా నల్లబడే గుణం దానికుంది. పొద్దున నిమ్మరసం రాసుకుని గ్రౌండ్‌కు పోతే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. టూత్‌పేస్ట్, వంటసోడా, వాల్‌నట్ స్క్రబ్, పార్లర్ బ్లీచ్, అన్నీ ఈ లెక్కలోవే. శెనగపిండి, చిటికెడు పసుపుతో నష్టమేమీ లేదు, గట్టిగా రుద్దకుంటే చాలు. అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకు, నిమ్మకాయ బదులు శెనగపిండి వాడుతున్నానని చెప్పు.

మచ్చల కంటే ముందు కొత్త మొటిమలు ఆగాలి. ఒకపక్క పాతవి తగ్గుతుంటే ఇంకోపక్క కొత్తవి వస్తే ఎంత ఖర్చు పెట్టినా అద్దంలో తేడా కనిపించదు. నాకు డాక్టర్ రాసింది రాత్రిపూట అడపలీన్ 0.1 శాతం జెల్. శెనగగింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి, మచ్చ మీద చుక్క పెట్టడం కాదు. మొదట్లో రాత్రి విడిచి రాత్రి, దాని మీద మామూలు మాయిశ్చరైజర్. తొలి వారాల్లో పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తాయి. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఎర్రగా చీముపట్టే మొటిమలుంటే డాక్టర్లు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కూడా రాసిస్తారు. బాగా పనిచేస్తుంది కానీ తువ్వాలు, దిండు గలీబు రంగు ఊడగొడుతుంది. నా నీలం తువ్వాలు ముఖం తుడిచిన చోటల్లా తెల్లబడి, మ్యాపులా తయారైంది. తెల్ల తువ్వాలు వేరే పెట్టుకో, రూమ్మేట్‌ది మాత్రం వాడకు. ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక మాట: కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అడపలీన్ వాడకూడదు.

జిమ్‌కు పోయి ప్రోటీన్ పౌడర్ తాగుతున్నావా? కొందరికి దానితో మొటిమలు పెరుగుతాయి. రెండు నెలలు మానేసి గుడ్లు, పప్పు మీద ఉండి చూడు, డబ్బు కూడా మిగులుతుంది.

మచ్చకు నేను డబ్బు పెట్టమనే మందు అజెలాయిక్ యాసిడ్. 10 శాతం, 20 శాతం క్రీములు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, ట్యూబు సుమారు రెండు మూడు వందలు. మొటిమ మీదా మచ్చ మీదా రెండింటి మీదా పనిచేస్తుంది, మామూలు చర్మాన్ని తెల్లబరచదు. 10తో మొదలుపెట్టు. రాసిన కాసేపు చీమలు పాకినట్టు ఉంటుంది, అది పోతుంది. పోకుండా మంట నిలిచిపోతే ఆపు. ముందు దవడ కింద కొంచెం రాసి రెండు మూడు రోజులు చూశాకే ముఖానికి రాయి. ఒకే వారంలో అడపలీన్, ఇదీ రెండూ మొదలుపెట్టకు. ఏది పడలేదో తెలియక కొట్టుకుంటావు.

ఇక ఎండ. నీ బడ్జెట్‌లో పెద్ద వాటా సన్‌స్క్రీన్‌కే పోవాలి, ఎందుకంటే ఎండ తగిలిన మచ్చ ముదురుతూనే ఉంటుంది, మందు రాత్రి తగ్గించింది పగలు తిరిగొస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉంటే చాలు. నేను మొదట కొన్నది జింక్ ఆక్సైడ్‌ది. నల్లటి ముఖం మీద విభూతి పూసినట్టు తేలింది, చెమటకు హెల్మెట్ బెల్టు పక్కన తెల్ల చారలు కారాయి. ఒకావిడ మీటర్ చూపిస్తూ "ఏం పూసుకున్నవ్ కొడుకా" అని అడిగేసింది. తర్వాత జెల్ రకానికి మారా, ఏ చారా లేదు. రంగు కలిపిన సన్‌స్క్రీన్‌లు కూడా వస్తాయి. వాటిలోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది. మన రంగువాళ్ల మచ్చలకు అది ఇంకా మేలు, ధరే కాస్త ఎక్కువ. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత ముఖానికీ మెడకీ పట్టాలి. పొదుపు చేసి చుక్క రాస్తే రాయనట్టే.

నువ్వు తెల్లవారుజామున 1600 మీటర్లు పరిగెత్తేటప్పుడు ఎండ పెద్ద సమస్య కాదు. పది గంటలకు బైక్ మీద లైబ్రరీకి పోయేటప్పుడు, మధ్యాహ్నం మెస్‌కు నడిచేటప్పుడు తగిలేదే అసలు ఎండ. సన్‌స్క్రీన్ ఆ టైముకు రాయి. మధ్యాహ్నం మళ్లీ రాయడం కుదరకపోతే టోపీ, కర్చీఫ్. మన దగ్గర ఆడపిల్లలు స్కూటీ మీద ముఖమంతా చున్నీ చుట్టుకుని పోతుంటే నవ్వుకుంటాం కానీ వాళ్లు చేసేదే తెలివైన పని, పైసా ఖర్చు లేదు.

ఎన్నాళ్లు పడుతుందని అడిగావు. గోధుమ, నలుపు రంగు మచ్చలు పైపొరలో ఉంటాయి, కొత్తవి రాకుండా ఉంటే నెలల్లో పలచబడతాయి. మూడు నాలుగు నెలలకు తేడా తెలుస్తుంది, పూర్తిగా పోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు. బూడిద, నీలం కలిసినట్టున్నవి లోపలి పొరలోవి, అవి ఇంకా మొండివి. రోజూ అద్దంలో చూస్తే ఏమీ తెలియదు, చేతులు ఊరికే గిల్లడానికి పోతాయి. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే టైముకు ఫొటో తీసి పోల్చుకో.

గుంటలు మాత్రం వేరే కథ. లైటు ఆర్పి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే నీడ పడేవి గుంటలు, పడనివి రంగు మచ్చలు. గుంటను ఏ క్రీమూ పూడ్చలేదు, ఆ మాట చెప్పి అమ్మేవాళ్లను నమ్మకు. మైక్రోనీడ్లింగ్, సబ్‌సిషన్ లాంటి సూదులతో చేసే చికిత్సలు డాక్టర్ చేయాలి. ఒక్కో సిట్టింగ్‌కు వేలల్లో అవుతుంది. అది ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు, ఎలాగూ మొటిమలు పూర్తిగా ఆగాకే చేస్తారు. ఆఫర్ అని లేజర్ చేయించుకోకు. నల్ల చర్మం మీద సెట్టింగ్ తప్పితే కాలి కొత్త మచ్చలు పడతాయి.

గడ్డం దగ్గర మచ్చలు ఎక్కువున్నాయంటే షేవింగ్ కూడా చూడు. వెంట్రుక పెరిగే వైపుకే గీయి, ఎదురు గీయకు, మొద్దుబారిన బ్లేడు వాడకు. నాకు కుదిరింది ట్రిమ్మర్. సెలెక్షన్ దాకా క్లీన్ షేవ్ అక్కర్లేదు కదా.

అడపలీన్ లాంటివి చీటీ మీద ఇచ్చే మందులు కాబట్టి ఒక్కసారైనా డాక్టర్‌కు చూపించుకునే మొదలుపెట్టు. ప్రైవేటు ఫీజు బరువైతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది. ఒక పూట పోతుందనుకుని పొద్దున్నే వెళ్లు. రాసిచ్చిన మందు, తక్కువ ధరకు మందులు అమ్మే జనౌషధి కేంద్రంలో ఉందేమో అడిగి, లేకపోతేనే బయట కొను. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా పూసినవన్నీ, ఖాళీ ట్యూబులైనా సరే, ఒక కవర్‌లో వేసుకుని తీసుకెళ్లు. రూమ్మేట్ ఇచ్చినదాన్ని దాచకు, డాక్టర్ ముందు చూడాల్సింది దాన్నే.