కెమెరా సంగతి తర్వాత, ముందు కొటేషన్ మార్చండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విజయవాడలో చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తగ్గించుకుని ఆసుపత్రులకు, కంపెనీలకు పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. ఒక నెల 35 వేలు వస్తే ఇంకో నెల 90 వేలు. స్టూడియో అద్దె, ఇంటి ఖర్చు కలిపి 38 వేలు. చేతిలో 3 లక్షలున్నాయి. ఈమధ్య ఒక ఆసుపత్రికి 22 మంది డాక్టర్ల ఫొటోలు 26 వేలకు తీసిస్తే, వాటితో ఊరంతా హోర్డింగులు పెట్టారు. నాకు పైసా ఎక్కువ ఇవ్వలేదు. నా 24 మెగాపిక్సెల్ కెమెరా మార్చి 4.5 లక్షల సెట్ ఈఎంఐలో తీసుకుంటే రేటు పెంచొచ్చా?

జవాబు: ఇప్పుడు తీసుకోకండి. 14 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పంటే కిస్తీ నెలకు దాదాపు 15,400. 35 వేలు వచ్చిన నెలలో ఖర్చులకే 3 వేలు తక్కువ పడుతున్నాయి, ఇది ఎక్కడి నుంచి తెస్తారు? వడ్డీయే లక్ష దాటుతుంది.

అసలు హోర్డింగుకి మీ పాత కెమెరా సరిపోయింది కదా! ఓపీ మధ్యలో రెండు నిమిషాలు దొరికే డాక్టరుగారి కళ్లద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ (వెలుతురు మెత్తగా పడేలా లైటుకి తొడిగే పెట్టె) మెరవకుండా, కాడలు చెవుల మీద పిసరంత పైకెత్తి, ఆ రెండు నిమిషాల్లోనే ఓ నవ్వు రాబట్టాలి. అది చేతనైన పని, దానికే రేటు అడగాలి. (నా ఫొటో తీసినాయనకు అరగంట పట్టింది, అయినా దొంగలాగే వచ్చాను.)

మీకు చేదుగా ఉండే మాట ఒకటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే హక్కుదారు. కాబట్టి ఆ హోర్డింగుల మీద ఇప్పుడు గొడవపడి లాభం లేదు. ఇకమీదట కొటేషన్‌లోనే రాయండి: కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే, వెబ్‌సైట్‌కీ బ్రోచర్‌కీ ఏడాదిపాటు వాడుకోవచ్చు, హోర్డింగుకీ పత్రికా ప్రకటనకీ విడిగా చెల్లించాలి. లైట్లు బిగించకముందే ఇద్దరి సంతకాలూ, సగం అడ్వాన్సూ పడాలి. మొహమాటపడితే 26 వేల దగ్గరే ఆగిపోతారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) కూడా చేయించుకోండి, ఉచితమే. చిన్న సంస్థల బిల్లు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు కట్టాల్సిందే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే ‘బ్యాంకు రేటు’కి మూడు రెట్ల చక్రవడ్డీ. ఆ మాట బిల్లు కింద ఒక లైను వేస్తే చాలు, అకౌంట్స్‌వాళ్లు ఫోన్ ఎత్తుతారు.

ఆ 3 లక్షల్లో 2.28 లక్షలు ఆరు నెలల ఖర్చుకని ఎఫ్‌డీలో పెట్టండి. మిగిలిన 72 వేలల్లో ముందు ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా. ఆ తర్వాతే పోర్ట్రెయిట్లకు పనికొచ్చే సెకండ్‌హ్యాండ్ 85 ఎంఎం లెన్స్, కెమెరా బాడీలంత త్వరగా లెన్సుల ధర పడిపోదు. పెద్ద ఆర్డరొస్తే బాడీ అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దె బిల్లులో వేయండి.

వచ్చిన డబ్బంతా విడి ఖాతాలో వేసి, ఎంత వచ్చినా నెలకు 40 వేలే తీసుకోండి. వచ్చే ఉగాదికి ఆ ఖాతాలో 2 లక్షలు నిలిస్తే మళ్లీ రాయండి, కెమెరా మోడల్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.