స్పీడ్‌బోట్ ఇంజన్ల మీద మోజు: డిప్లొమా కుర్రాడికి ఇందులో దారి ఉందా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాడు. 2018లో పున్నమి ఘాట్ దగ్గర జరిగిన ఫార్ములా వన్ పవర్‌బోట్ రేసు చూసినప్పటి నుంచి వాడికి బోటు ఇంజన్ల పిచ్చి పట్టుకుంది. ఫోన్‌లో ఎప్పుడు చూసినా ప్రొపెల్లర్లు, ఫ్యూయల్ పంపుల వీడియోలే. బీటెక్ వద్దు, బోటు మెకానిక్ అవుతానంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: రేసు బోట్ల మీదే బతికే మెకానిక్‌లు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ మంది. ఆ సంగతి మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పేయండి. 2018 నవంబరులో కృష్ణానదిలో దూసుకుపోయిన బోట్లకు ఉన్నవి రెండున్నర లీటర్ల మెర్క్యురీ కంపెనీ టూ స్ట్రోక్ వీ6 ఇంజన్లు. వాటి మీద చెయ్యి వేయాలంటే ముందు మామూలు బోట్ల దగ్గర ఏళ్లు గడపాలి.

ఆ మామూలు బోట్లు మాత్రం మన తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు రబ్బరు బోట్లను మీరు చూసే ఉంటారు. వాటి వెనక బిగించినవి ఔట్‌బోర్డ్ ఇంజన్లే. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్న ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్, మెరైన్ పోలీసుల గస్తీ, హుస్సేన్‌సాగర్‌లోనూ రుషికొండలోనూ పర్యాటకులను తిప్పే స్పీడ్‌బోట్లు, వీటన్నిటి ఇంజన్లకూ చూసేవాళ్లు కావాలి. ఉద్యోగాలు వందల్లో ఉంటాయని నేను చెప్పను. పని తెలిసినవాడు దొరకక బోట్లు ఒడ్డున పడి ఉండటం మాత్రం కళ్లారా చూశాను.

అసలు ఈ పనిలో ఏముందో మీకూ కాస్త తెలియాలి. అప్పుడే మీ అబ్బాయికి ఉన్నది వేగం మీద మోజా, పని మీద ఇష్టమా అన్నది మీకే అర్థమవుతుంది. బోటు యజమాని తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: 'బోటు లాగడం లేదు.' దాని వెనక పెట్రోలు సరిగా అందకపోవడం ఉండొచ్చు, ప్రొపెల్లర్ సరిపడకపోవడం ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తొందరపడే మెకానిక్ వెంటనే ఇంజన్ విప్పుతాడు. పని తెలిసినవాడు ముందు ప్రశ్నలు అడుగుతాడు. ఇదే ప్రొపెల్లర్‌తో ఇంతకుముందు 5,800 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వచ్చేదా? వచ్చేదంటే, రెక్కలు వంగలేదనీ, ప్రొపెల్లర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే లోపలి రబ్బరు హబ్ జారడం లేదనీ చూసుకుని పెట్రోలు వైపు వెళ్లాలి. మొదటి నుంచీ 5,000 దగ్గరే నిలకడగా ఆగిపోతోందంటే ప్రొపెల్లర్‌ను అనుమానించాలి. బాగానే ఎక్కి, కాసేపటికి పడిపోయి, మళ్లీ పుంజుకుంటుంటే పెట్రోలు ఆగి ఆగి వస్తోందన్నమాట.

ఆ తర్వాతి పరీక్షలకు ఖర్చే లేదు. ట్యాంకు మూత వదులు చేసి నడపాలి. బోటు బాగుపడితే ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం మూసుకుపోయినట్టు. పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా అది చప్పగా అణిగిపోతే అడ్డం బల్బుకు ముందే, అంటే ట్యాంకు వైపే ఉంది. బల్బు నొక్కుతూ ఉంటే ఇంజన్ కోలుకుంటోందంటే పంపు బలహీనమైంది, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. తాజా పెట్రోలు పోసిన చిన్న ట్యాంకును నేరుగా ఇంజన్‌కు కలిపి నడపడం. రోగం పోతే అది బోటుది, పోకపోతే ఇంజన్‌ది. ఇదంతా అయ్యాకే ఫిల్టర్, ప్రెషర్ గేజ్, ఇంజెక్టర్ల జోలికి వెళ్లాలి.

మన దగ్గర ఇప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఔట్‌బోర్డ్ కంపెనీలు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బోటును నెలల తరబడి కట్టేస్తే, నీటి మోతాదు మించినప్పుడు ఆ నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజన్ పీల్చేది అడుగు నుంచే. ఇక టూ స్ట్రోక్ రేసు ఇంజన్లలో ఆయిల్ కూడా పెట్రోలులోనే కలిసి వస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. వేడి పెరిగి పిస్టన్‌కు కన్నం పడటానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే ఈ పనిలో చిన్న ఫిల్టర్ కూడా చిన్న విషయం కాదు.

ప్రొపెల్లర్ దగ్గరికొస్తే లెక్క మొదలవుతుంది. పిచ్ అంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎంత దూరం ముందుకు వెళ్లాలో చెప్పే అంకె. 21 అంగుళాల పిచ్, 1.75 గేర్ రేషియో (ఇంజన్ 1.75 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు), 6,000 ఆర్‌పీఎం అనుకుందాం. ప్రొపెల్లర్ నిమిషానికి 3,429 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన బోటు గంటకు దాదాపు 110 కిలోమీటర్లు పోవాలి. జీపీఎస్ 97 చూపిస్తే స్లిప్, అంటే లెక్క ప్రకారం రావాల్సిన వేగంలో తగ్గిన వాటా, సుమారు 12 శాతం. తేలికపాటి వేగమైన బోటుకు అది మామూలే. స్లిప్ 25 దాటితే ఇంజన్ మరీ ఎత్తులో బిగించారా, ప్రొపెల్లర్ గాలి లాగుతోందా అని వెతకాలి.

పిచ్ ఎక్కువైతే బైకును టాప్ గేర్‌లో ఘాట్ రోడ్డు ఎక్కించినట్టే, ఇంజన్ మూలుగుతుంది. తక్కువైతే ఇంజన్ మరీ ఎక్కువ తిరగకుండా ఆపే లిమిటర్‌కు కొట్టుకుంటుంది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం హద్దుల్లో పై భాగానికి చేరాలన్నది లక్ష్యం. అదీ రోజూ మోసే బరువుతోనే. ఖాళీ బోటుతో చూసి ప్రొపెల్లర్ ఎంచుకుంటే, ఆదివారం ఎనిమిది మంది ఎక్కగానే బోటు లేవలేక నీళ్లు దున్నుతుంది. అల్యూమినియమా స్టీలా, మూడు రెక్కలా నాలుగా, రేసుల్లో వాడే క్లీవర్ రకమా అన్నవి ఆ తర్వాతి ముచ్చట్లు.

ఈ లెక్క మీ అబ్బాయికి ఇచ్చి చూడండి. పిచ్ మారిస్తే ఏమవుతుందో తనే కాగితం మీద వేసుకుంటూ కూర్చున్నాడంటే పనిలో పెట్టొచ్చు. 'బోటు ఎంత స్పీడ్ పోతుంది?' దగ్గరే ఆగిపోతే మాత్రం గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో పవర్‌బోట్ నడిపే కోర్సు అతనికి మేలు. అది వేరే ఉద్యోగం.

డిప్లొమా మాత్రం ఆపొద్దు. పదో తరగతి తర్వాతే ఇటు రావాలనుకునే పిల్లలకు విశాఖలోని సిఫ్‌నెట్ (చేపల వేట పడవల పనిలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ) యూనిట్ మెరైన్ ఫిట్టర్ కోర్సు గురించి చెబుతుంటాను. డిప్లొమా చేస్తున్నవాడికి మళ్లీ అది అక్కర్లేదు. చదువులో భాగంగా చేసే పారిశ్రామిక శిక్షణను ఏ కార్ల షోరూమ్‌లోనో గడిపేయకుండా, ఔట్‌బోర్డ్ డీలర్ సర్వీస్ సెంటర్‌లోనో, పర్యాటక బోట్లు నడిపేవాళ్ల వర్క్‌షాప్‌లోనో చేసేలా ఇప్పుడే కాలేజీలో మాట్లాడండి. తర్వాత డీలర్ దగ్గర ఉద్యోగంలో చేరితే కంపెనీ శిక్షణ దొరుకుతుంది. బయట వేలు పోసి కొనే సర్టిఫికెట్ల కన్నా దానికే విలువ ఎక్కువ. సర్వీస్ మాన్యువల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి అవి చదివే అలవాటు చేయించండి. మల్టీమీటర్ వాడకం కూడా రావాలి, ఈ రోజుల్లో ఫ్యూయల్ సమస్యలనుకున్నవి కొన్ని వైరింగ్‌లో తేలుతున్నాయి.

ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసేముందు తాళం చెవి, కిల్ స్విచ్ (లాగితే ఇంజన్‌ను ఆపేసే స్విచ్) తాడు తీసేయడం, పెట్రోలు ఇన్‌బోర్డ్ బోటులో, అంటే ఇంజన్ లోపలే ఉండే బోటులో, స్టార్ట్ చేసేముందు బ్లోయర్ ఫ్యాన్ వేసి పెట్రోలు ఆవిరి పోగొట్టడం మొదటి రోజే నేర్పే యజమాని దగ్గరే చేర్చండి. కారు ఫ్యూయల్ పంపు చవగ్గా వస్తుందని బోటులో బిగించే చోట చేర్చొద్దు. దాని నుంచి రేగే ఒక్క నిప్పురవ్వ చాలు, పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి. మీ అబ్బాయిని ఈత వచ్చా అని కూడా అడగండి.

దుబాయ్, అబుదాబి గురించి ఎవరైనా ఊరిస్తే, మూడు నాలుగేళ్ల అనుభవం వచ్చేదాకా ఆగమనండి. అప్పుడు కూడా కేంద్ర విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంటేనా అని చూసుకోవాలి. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఆ ఆఫీసు నుంచి లేచి వచ్చేయండి.