రాష్ట్ర ప్రభుత్వ బాండ్లు మనలాంటివాళ్లు కొనొచ్చా? ఆ డబ్బు దేనికి ఖర్చవుతుంది?

కొనొచ్చు. బాండంటే ప్రభుత్వానికి మనమిచ్చే అప్పే. మామూలు జనం నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనుక్కునే రిటైల్ డైరెక్ట్ పథకాన్ని 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంక్ తెచ్చాక పదివేల రూపాయలున్నా చాలు. మా మామయ్యగారి చేత నేనే కొనిపించాను.

ఆయన రిటైరయ్యాక నెల్లూరు నుంచి చెన్నైకి మా దగ్గరికి వచ్చేశారు. పీఎఫ్ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వలసరవాక్కంలో ఒక బ్యాంకుకు వెళ్తే, కౌంటర్లో కుర్రాడు డిపాజిట్ ఫారం పక్కనపెట్టి ఇన్సూరెన్స్ కాగితాలు ముందుకు తోశాడు. సంతకాలు పెట్టాల్సిన చోటల్లా అప్పటికే పెన్సిల్‌తో టిక్కులు కొట్టేశాడు. అరవై దాటిన మనిషికి పదేళ్లు ప్రీమియం కట్టే పాలసీ! పెద్దవాళ్ల డబ్బంటే ఎంత లోకువో చూడండి. లేచి వచ్చేశాం.

ఇంటికొచ్చి రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచాం. రాష్ట్రాల బాండ్ల వేలం మామూలుగా మంగళవారం జరుగుతుంది. ఎంత వడ్డీ కావాలో మనం రేటు కోట్ చేయక్కర్లేదు. బ్యాంకులు, బీమా కంపెనీలు పోటీపడితే తేలిన సగటు రేటే మనకూ ఇస్తారు. పాత వేలం ఫలితాలు చూస్తూ మామయ్యగారు ఆగిపోయారు. "ఏం అల్లుడూ, తమిళనాడుకీ మన ఆంధ్రాకీ వడ్డీలో పైసల తేడానే ఉందే! ఇద్దరి పరిస్థితీ ఒకటేనా?"

అసలు జబ్బు అక్కడే ఉంది. ఒకప్పుడు కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇచ్చేది. నేరుగా మార్కెట్‌కు వెళ్లమని 12వ ఆర్థిక సంఘం (కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే సంఘం) చెప్పింది. 2006-07 నుంచి మొత్తం వేలమే. ఈ బాండ్లకు కేంద్రం గ్యారంటీ లేదు. కానీ వేలం నడిపేదీ, రాష్ట్రం ఖాతా నుంచి వడ్డీ తీసి కట్టేదీ రిజర్వ్ బ్యాంకే కాబట్టి పెట్టిన సొమ్ము ఎక్కడికీ పోదని అందరి ధీమా. అందుకే పొదుపుగా నడిచే రాష్ట్రానికీ, దుబారా చేసే రాష్ట్రానికీ దాదాపు ఒకే రేటు. ఇక జాగ్రత్త ఎవరికి కావాలి?

ఖర్చు సంగతంటారా? నోటిఫికేషన్‌లో అభివృద్ధి కోసమని ముక్తసరిగా రాస్తారు. తమిళనాడుకు 2013-14 నుంచి రెవెన్యూ లోటే, అంటే మామూలు ఖర్చులకే రాబడి చాలట్లేదు. అందుకే అప్పులో కొంత జీతాలకు, పెన్షన్లకు, పాత వడ్డీలకు పోతోంది. చెన్నై మెట్రో మొదటి దశకేమో జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా దగ్గర వేరే అప్పు. ఏ వంతెనకు, ఏ ఆసుపత్రికి ఎంత తీసుకుంటున్నారో ప్రతి వేలానికీ ముందే చెప్పాలని నా పట్టుదల. జనం కొనడం మొదలుపెడితేనే ఆ ప్రశ్న గట్టిగా వినిపిస్తుంది.

మామయ్యగారు చివరికి తమిళనాడు బాండే తీసుకున్నారు. ఆరు నెలలకోసారి వడ్డీ నేరుగా ఆయన ఖాతాలో పడుతోంది. దానికి మీ శ్లాబును బట్టి ఆదాయపన్ను ఉంటుంది, రిటర్న్‌లో చూపించడం మర్చిపోకండి.